పది నిమిషాలు ముందున్న వాచీ

నేను కోపిష్టివాణ్ణి. ముందే చెప్పేస్తే మంచిది. ఇన్నేళ్ళ మేష్టరు ఉద్యోగంలో బెత్తం విరిగితే ఇంకోటి తెప్పించుకున్నానే తప్ప మానలేదు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపి, చెయ్యి చాపించి, రెండేసి వడ్డించేవాణ్ణి. ఎదురుచెబితే చెంప మీద ఐదు వేళ్ళూ అచ్చుపడాల్సిందే. టైమంటే టైమే అనేవాణ్ణి.

ఆ మాట ఇంగ్లీషువాళ్ళదే గాని, వాడకంలో వాళ్ళని మనం మించిపోయాం. బస్సుకి టైము, మాత్రకి టైము. మన పంట పోతే టైము బాలేదు, పక్కవాడి చేను పండితే వాడి టైము నడుస్తోంది. తన్నబోయే ముందు కూడా నీ టైము దగ్గరపడిందిరా అంటాం. పిల్లలకి చెప్పాలని ఒకసారి పెద్ద డిక్షనరీలో దాని పుట్టుక వెతికాను. కోయడం, పంచడం అనే అర్థమున్న ఏదో పాత ధాతువు నుంచి వచ్చిందట. సముద్రపు పోటుకి ఇంగ్లీషువాళ్ళు వాడే టైడు అన్న మాట దీనికి తోబుట్టువట. అది నాకు వింతగా తోచలేదు. హంసలదీవిలో వలలేసేవాళ్ళు గడియారం చూసి పడవ తియ్యరు, పోటూ పాటూ చూసి తీస్తారు. కోయడం అన్న దగ్గరే నా కన్ను ఆగిపోయింది. ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు.

మా ఇళ్ళల్లో గడియారాలు పది నిమిషాలు ముందుంటాయి. బస్సు తప్పకూడదని ఎవరో ఒకరు ముల్లు జరుపుతారు. ఆ తర్వాత అందరూ మనసులో ఆ పదీ తీసేసుకుని తీరిగ్గానే బయల్దేరతారు. అప్పట్లో నేను అవనిగడ్డ అవతల మా ఊళ్ళో ఉంటూ రోజూ బందరు వెళ్ళి పాఠాలు చెప్పొచ్చేవాణ్ణి. నా చేతి వాచీ కూడా అలాగే పది నిమిషాలు ముందుండేది.

ఆరేళ్ళ కిందట కాలవకి నీళ్ళు సరిగ్గా రాలేదు. మాది శివారు పొలం, పైవాళ్ళు వాడుకోగా మిగిలిందే మాకు. వరి పొట్ట మీదుంది. చేలో పాదం దిగబడేంత నెర్రెలు. ఊరి పెద్దలు వంతులు పెట్టారు. చేలకి నీళ్ళు తెచ్చే బోదె ఒకటే, నీళ్ళు గంటల లెక్కన. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా మా పైచేను అతనికి, ఎనిమిది నుంచి మాకు. అతన్ని నేను బావా అంటాను, అతనూ నన్ను బావా అనే అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి అలవాటు.

పొలం చూసుకునేది మా అన్నయ్య. ఆ రోజు తనకి జ్వరం. పార భుజాన వేసుకుని నేను వెళ్ళాను. బురదలో పడుతుందని సెల్లు ఇంట్లోనే వదిలేశాను. వాచీలో ఎనిమిది కాగానే బావ చేలోకి నీళ్ళు పోయే గండికి మట్టి కొట్టి మా వైపు తిప్పుకున్నాను. బావ పరుగెత్తుకొచ్చాడు. ఇంకా టైముందని, ఎనిమిదింటి బస్సు కరకట్ట మీద ఇంకా పోలేదని అన్నాడు. ఆ బస్సు ఏనాడు టైముకొచ్చి చచ్చింది అన్నాను. అతను మట్టి లాగేశాడు, నేను మళ్ళీ కొట్టాను. బడిలో గంట కొట్టించేవాణ్ణి, నాకు నువ్వు టైము చెప్తావా అన్నాను. నీ పెత్తనం నీ పిల్లల దగ్గర చూపించుకో అని చొక్కా పట్టి బోదెలోకి తోశాడు. నోటినిండా బురద. లేచి మెడ మీద గుద్దాను. అతను డొక్కలో తన్నాడు.

సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది, వాచీ పది నిమిషాలు ముందుందని. సరే బావా అని పక్కకి తప్పుకుంటే అయిపోయేది. కానీ గట్టు మీద నలుగురు చేరారు. వాళ్ళ ముందు, నోట్లో బురదతో, తప్పు నాదని ఒప్పుకోవడానికి నామోషీ. బావ వంగి రెండు చేతులతో గండిలో మట్టి తోడుతున్నాడు. పార ఎత్తి దించాను. మట్టికే గురిపెట్టానని తర్వాత అందరికీ చెప్పాను. అబద్ధం. కుడిచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు తెగి నీళ్ళలో పడ్డాయి. ఎర్రటి నీళ్ళు మా చేలోకే పారాయి. బావ చేతి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి కరకట్ట మీద బస్సు హారన్ వినిపించింది.

అన్నయ్య జ్వరంతోనే అతన్ని ఆటోలో అవనిగడ్డ, అక్కణ్ణుంచి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను ఇంటికెళ్ళి చేతులు కడుక్కున్నాను. ఆ తడి చేతులతోనే వాచీ ముల్లు పది నిమిషాలు వెనక్కి తిప్పాను.

కేసు వద్దని పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బావ మళ్ళీ బస్సు మాటే చెప్పాడు. ఆ బస్సు సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి అందరూ నవ్వారు. నా వాచీ అడిగారు. ఒకాయన తన సెల్లు పక్కన పెట్టి చూసి, మేష్టారి టైము కరెక్టేనండీ అన్నాడు. చెయ్యి చేసుకున్నందుకు నన్ను మందలించి వదిలేశారు. వంతు దాటి నీళ్ళకోసం కొట్లాడాడని బావకి రెండు వంతులు ఎత్తేశారు. అతని చేను తాలు పోయింది. మాది పండింది. ఆ బియ్యం నేను తిన్నాను.

ఆ పై ఏడు గుడివాడ వచ్చేశాను. వాచీని మళ్ళీ పది నిమిషాలు ముందుకి జరిపాను, బెత్తం కూడా వెంటే వచ్చింది. మొన్న వానల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడింది. బెత్తం ఎత్తాను. ఆ పిల్ల చెయ్యి చాపి, “మీ వాచీ ముందుంటుందండీ. మా అందరికీ తెలుసు,” అంది. తెలిసీ ఇన్నాళ్ళూ దెబ్బలు తిన్నారు. చాచిన ఆ చేతిని చూస్తూ ఉండిపోయాను. నా మీద నాకే అసహ్యమేసింది. కొట్టలేకపోయాను.

ఆదివారం పామర్రు, కూచిపూడి మీదుగా మా ఊరెళ్ళాను. బావ పాకలో ఎడంచేత్తో గేదెకి గడ్డి వేస్తున్నాడు. రా బావా అన్నాడు, మామూలుగానే. నేను కూర్చోలేదు.

“ఆ రోజు ఎనిమిది కాలేదు బావా. నా వాచీ ముందుంది. అది తెలిసే పార వేశాను. పెద్దలకి చూపించే ముందు ముల్లు వెనక్కి తిప్పాను.”

అతను గడ్డి కింద పడేశాడు.

“నిజంగా ఆ రోజు బస్సే లేటనుకున్నాను బావా,” అన్నాడు. “చేతులారా చేను పోగొట్టానని ఆరేళ్ళ నుంచి ఇంట్లో తిట్లు తింటున్నాను.”

కుడిచేత్తో లాగి కొట్టాడు. పాక గుంజకి తగిలి పడ్డాను. లేచి నిలబడితే అదే చెంప మీద ఇంకోటి వేశాడు. నేను చెయ్యి అడ్డుపెట్టలేదు. మళ్ళీ ఆదివారం వచ్చి, అదే అరుగు మీద ఈ మాట అందరికీ చెప్పమన్నాడు. వస్తానన్నాను.

తిరుగు బస్సులో పక్కనున్నాయన నా మొహం చూసి సీటు మారాడు. గుడివాడలో దిగి ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. చెంప మీద అచ్చుపడిన వేళ్ళు మూడే ఉన్నాయి.