లేదనని వగ్దీ

మా కైరోలో దారి అడిగినవాడికి తెలియదని చెప్పడం అమర్యాద. ఏదో ఒక వైపు చెయ్యి చూపాల్సిందే. మా ఆఫీసులో వెబ్‌సైట్ల పని చూసే వగ్దీ ఆ మర్యాదలోనే పుట్టి పెరిగాడు.

ఒక చెప్పుల దుకాణం సైటులో కొన్ని పేజీలు తీసేసి, వాటికోసం వచ్చేవాళ్లను వేరే పేజీకి మళ్లించమన్నారు. వేరే పేజీ లేనిచోట "దొరకలేదు" అని రాయడానికి వీడికి చేతులు రాలేదు. తీసేసిన పెళ్లి చెప్పుల పేజీ అడిగితే తీసేసిన బూట్ల పేజీకి, బూట్లడిగితే మళ్లీ పెళ్లి చెప్పులకు పంపాడు. సైటు గిరగిరా తిరిగి చతికిలబడింది.

"ఏం మనిషివయ్యా! లేదని చెప్పి చావొచ్చుగా!" అని మేనేజరు ఇన్షిరాహ్ మేడం అరిచింది.

"గుమ్మంలోకొచ్చినవాళ్లకి లేదని ఎలా చెప్తాం మేడం?"

"దీన్ని బాగుచేసేవాడెవడైనా ఉన్నాడా?"

వగ్దీ ఠక్కున చెయ్యి చూపించాడు. "పైన, మూడో అంతస్తులో."

మా భవనానికున్నవి రెండే అంతస్తులు.