పుట్టుక అడగని ఆబోతు

పీరాంబీ చేతులు చిన్నవి. అందుకే ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ ఆవుకు ఈత కష్టమైనా ఆమెకే కబురు వచ్చేది. మోచేతి దాకా నూనె పూసుకుని, కళ్లు మూసుకుని, లోపల దూడ తల ఎటు తిరిగి ఉందో చేత్తో వెతికేది. ఇరవై ఏళ్లలో ఆమె చేతుల్లో పోయిన ఆవులు నాలుగైదుకు మించవు. అలాంటిది 1956 వేసవిలో ఇరవై రోజుల్లో మూడు పోయాయి. మూడూ తొలిచూలు పెయ్యలే.

మూడోది ఆమె సొంత పెయ్య. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ముందుకాళ్లు బయటికి వచ్చాయి గాని తల రాలేదు. ఇరుగుపొరుగు మగవాళ్లు నలుగురు కాళ్లకు తాడు కట్టి లాగారు. మధ్యాహ్నానికి చచ్చిన దూడ బయటపడింది. పెయ్య మళ్లీ లేవలేదు.

పీరాంబీకి ఏడుపు రాలేదు. దూడ పక్కన కూర్చుని దాని ముందుకాలిని గిట్టకు పైన పట్టుకుంది. కాలు అంత లావు, పిడికిలి మూసుకోలేదు. ముందు పోయిన రెండు దూడల కాళ్లూ ఇలాగే పిడికిలికి అందలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇళ్లు వేరు, తల్లులు వేరు, మేత వేరు. తండ్రి మాత్రం ఒక్కటే. అది నాగేశ్వరమ్మ ఆబోతు.

నాగేశ్వరమ్మ ఆ ఊళ్లో పెద్ద సేద్యం ఉన్న వితంతువు. రెండేళ్ల కిందట నంద్యాల దగ్గర సుబ్బయ్య అనే రైతు నుంచి ఆ ఆబోతును తెప్పించింది. దాని మూపురం చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి కూడా జనం వచ్చారు. పీరాంబీ తన పెయ్యను తానే దాని దగ్గరికి తోలుకుపోయింది.

మరునాడు ఆమె బస్సెక్కి నంద్యాల పోయింది. సుబ్బయ్య దొడ్లో చొప్ప కోస్తున్నాడు.

"అన్నా, నువ్వు ఆళ్లగడ్డకిచ్చిన ఆబోతు ఎట్ల పుట్టినాది?"

సుబ్బయ్య కొడవలి ఆపాడు. "నలుగురం లాగినాం. తల్లి చచ్చిపాయ. దానికి ముందు పుట్టిన పెయ్య గూడా తొలి ఈతలోనే పాయ."

పీరాంబీ అడిగింది, "ఆయమ్మకు చెప్పల్యా?"

"ఎవురూ అడగల్యా. పండ్లు చూసిరి, గిట్టలు చూసిరి, నడిపించి చూసిరి. అడిగింటే చెప్తాంటి."

అతని గొంతులో మోసం లేదు. ఆమెను ఎక్కువగా దెబ్బ తీసింది అదే. ఇన్నేళ్లుగా దూడలను బయటికి లాగుతున్న తనకు కూడా, ఆ దూడల తండ్రి ఎలా పుట్టిందని అడగాలని తోచలేదు.

తిరిగొచ్చి నేరుగా నాగేశ్వరమ్మ ఇంటికి పోయింది. విన్నదంతా చెప్పింది.

"మా ఆబోతునా నువ్వు అనేది?" అంది నాగేశ్వరమ్మ.

"అవునమ్మా. మీ దొడ్లో ఉండే పెయ్య గూడా దానికే చూడి కట్టినాది. ఇంగ పది దినాల్లో ఈనుతాది."

నాగేశ్వరమ్మ నమ్మలేదు. తొమ్మిదో రోజు పెయ్యకు నొప్పులొచ్చాయి. పీరాంబీ ఒకసారి చెయ్యి పెట్టి చూసి, వెంటనే నంద్యాల పశువుల డాక్టరుకు మనిషిని పంపించింది. డాక్టరు వచ్చేదాకా పెయ్యను పడుకోనివ్వకుండా నిలబెట్టింది. అతను వచ్చి దూడను బయటికి తీశాడు. పెయ్య బతికింది. దూడ బతకలేదు.

నాగేశ్వరమ్మ అంతసేపూ కొట్టం గుంజకు ఆనుకుని నిలబడే ఉంది. డాక్టరు పోయాక, "ఊర్లో ఇంగా ఎన్ని ఉండాయి, దానికి కట్టినవి?" అని అడిగింది.

"తొలిచూలువి తొమ్మిది."

ఆ తొమ్మిదింటిలో నాలుగు పోయాయి. ప్రతి ఇంటికీ నాగేశ్వరమ్మ తానే నడిచిపోయి వాకిట్లో నిలబడింది. కొందరు కూర్చోమన్నారు. కొందరు తలుపేసుకున్నారు.

మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి ఇంకో ఆబోతు కోసం తిరిగారు. కొలిమిగుండ్ల వైపు లింగమ్మ అనే ముసలామె దగ్గర ఒక ఆవు ఉండేది. ఆరు ఈతలూ మేతకు పోయినచోటే, ఎవరి చెయ్యీ పడకుండా ఈనింది. దాని కోడెను తెచ్చారు. సన్నటి ఎముక, చిన్న తల.

"ఇదేందమ్మా, మేక మాదిరి ఉండాది?" అన్నారు రైతులు.

"పెయ్యలకు ఇదే. రెండు మూడు ఈతలు ఈనిన ఆవులుంటే మా పెద్ద ఆబోతు దగ్గరికి తోలుకోండి" అంది నాగేశ్వరమ్మ.

1958లో పదకొండు పెయ్యలు ఈనాయి. ఒక్కదానికే పీరాంబీని పిలిచారు, అదీ దూడ కాలు మడతపడి. దూడలు చిన్నవని సణుగుడు మాత్రం ఆగలేదు. 1960 నాటికి కూడా, ఆ చిన్న ఆబోతుకు పుట్టిన కోడెలు నల్లరేగడిలో మడక లాగగలవా అని రైతులకు అనుమానమే.

అప్పటికి ఆబోతు కొనేవాళ్లు పీరాంబీని వెంట తీసుకుపోవడం అలవాటైంది. మగవాళ్లు పండ్లు లెక్కబెడుతుంటే ఆమె పెరట్లోకి పోయి, కొట్టం ఊడ్చే ఆడవాళ్ల దగ్గర కూర్చుని, దాని తల్లి ఎలా ఈనిందో అడిగేది.