కాడి లేని బండి

ఆ రోజుల్లో నా లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. అదే నా దురదృష్టం. ఆ కరువు ఏడు మా వల్ల పోయినవేమిటో ముందే చెబుతాను: ఒక ఎద్దులబండి, దాన్ని లాగడంలో చిరిగిన తువ్వాళ్ళు మూడు, నా బొటనవేలి గోరు, ఒక ముసలాయనకు మా మీదున్న నమ్మకం. (చివరిదాన్ని ఎలా కొలవాలో నాకప్పటికి తెలియదు.)

మా హైస్కూల్లో రెండు సెక్షన్లకు పందెం పెట్టారు. పాత సైకిళ్ళు, బండ్లు దానంగా తెస్తే వేలం వేసి ఆ డబ్బుతో గంజి కేంద్రం నడుపుతారు. చక్రానికి ఒక మార్కు. నేను తీరిగ్గా లెక్కవేసి, మూడు చక్రాల నడకబండే అన్నిటికన్నా లాభమని తేల్చాను. వీధి మొత్తానికి ఒక్కటే కనబడింది, దాన్ని పట్టుకుని ఒక పసిబిడ్డ నిలబడి ఉంది. (వాళ్ళమ్మ చీపురు తీసింది.) చివరి రోజుకు అవతలి సెక్షన్ మాకన్నా ఒక్క చక్రం ముందుంది.

అప్పుడు దొరికాడు పొరుగూరి రైతు తాత. మేత లేక ఎద్దులను అమ్మేశాడు, బండి వాకిట్లో ఊరకే ఉంది. "గంజి కేంద్రం కోసం నీ బండి ఇస్తావా తాతా?" అన్నాను. "ఎద్దులే లేవు, ఈడ పడుండి ఏం చేస్తాది? తీస్కపోండప్పా" అన్నాడు. కాడి మాత్రం విప్పి ఇంట్లో పెట్టుకున్నాడు. నేను కాగితం మీద 'కాడి ఒకటి తక్కువ' అని రాసుకున్నాను. బండిని అమ్ముతామని చెప్పలేదు. ఆయన అడగలేదు కదా అనుకున్నాను.

నలుగురం తువ్వాళ్ళు నొగలకు కట్టుకుని ఐదు మైళ్ళు లాగాం. దారిలో ఒకావిడ, "ఏమప్పా, మీకు ఉలవలు పెట్టల్నా, చొప్ప సాలునా?" అని నవ్వింది. ఒక్క చక్రం తేడాతో గెలిచాం. బండిని కట్టెల అడితి ఆసామి పాడుకుని, ఇనుప పట్టాలు ఊడదీసి, మిగతాదంతా చీల్చేశాడు.

తొలకరి పడగానే తాత కాడి భుజాన వేసుకుని బడికి వచ్చాడు. "మా అల్లుడు ఎద్దుల్ని ఇస్తానన్నాడు. బండి యాడుండాది?" అన్నాడు. అప్పుడు తెలిసింది: ఆ ఊళ్ళో బండిని వాడుకోవడానికి ఇచ్చేవాడు కాడి తన దగ్గరే ఉంచుకుంటాడు. పూర్తిగా ఇచ్చేసేవాడే కాడితో సహా ఇస్తాడు.

నిజం చెప్పేశాను. "కొట్టు తాతా" అన్నాను.

"నిన్ను కొడితే దిబ్బలో ఎరువు చేన్లోకి నడిచిపోతాదా? విత్తేలోపల పదహైదు బండ్లు తోలల్ల నేను!"

బండికి అరవై గంపలు; మొత్తం తొమ్మిదివందలు. నెత్తిన మోస్తామని మాటిచ్చాం. మూడు ఆదివారాలు నలుగురం కలిసి మూడువందలు మోశాం. నాలుగో ఆదివారం నేనొక్కడినే వెళ్ళి ఇరవై ఐదు మోశాను. ఐదో ఆదివారానికి చదువు మానేసి శెనక్కాయల మిల్లులో గుమాస్తాగా చేరిపోయాను. తాత ఉన్నంతలోనే విత్తాడు. ఎరువు పడినంత మేర పైరు పచ్చగా, మిగతాది పాలిపోయి, ఆ రెంటి మధ్య గీత రోడ్డు మీదికే కనబడేది. ఆ ఏడంతా నేను వేరే దారిన మిల్లుకు పోయాను.

తాత పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆ చేను గట్టున ఆగి, ఈ నడుముతో రోజుకు ఎన్ని మోయగలనా అని లెక్కవేసుకుని నవ్వుకున్నాను. బాకీ మాత్రం ఐదువందల డెబ్బై ఐదు గంపలు.