ఒక్క రూపాయి చదివింపు

ఉరవకొండ బస్టాండు కాడ వనజాక్షి అంగడిలో ఉగ్గాని బజ్జీ తినాలంటే ఆకలి ఒక్కటే ఉంటే చాలదు, తిట్లు తినే ఓపిక కూడా ఉండాల. "ఏమప్పా, బజ్జీ కాలేదని చెప్తే వినపడదా? నూనెలో చెయ్యి పెట్టి తీమంటావా?" అంటుంది. ఆ నోటితోనే "ఇంకొకటి ఏసుకోపో, ఎండుకుపోయినావు" అంటుంది. అందుకే పొద్దున ఏడు గంటలకల్లా ఆడ బెంచీ మీద చోటు దొరకదు.

మొగుడు వీరేష్ నుంచి విడిపోయి మూడేండ్లయింది. వాని పని మైకుసెట్టు. చుట్టుపక్కల ఏ పెండ్లయినా చదివింపులు చదివేది వాడే. "ఫలానా ఊరు, ఫలానా వారి కుమారుడు ఫలానా వారు, వధూవరులకు, వెయ్యిన్నూట పదహార్లూ..." అని రాగం తీస్తే ఇచ్చినోడు మీసం తిప్పుకోవాల్సిందే. ఎవరన్నా తక్కువ చదివించినారనుకో, అంకె చెప్పే ముందర చిన్నగా దగ్గుతాడు. ఆ దగ్గుకే పందిరంతా నవ్వుతుంది. ఇచ్చినోడు మాత్రం తినకుండానే చెప్పులు ఎతుక్కుంటాడు.

అంత నోరున్నోడు ఇంటికొస్తే పలకడు. సంపాదించింది పేకాటకు, మిగిలింది మందుకు. వనజాక్షి బిడ్డ అంజలిని తీసుకొని వచ్చేసింది. బిడ్డకు నెలకు నాలుగు వేలు, ఐదో తేదీ లోపల ఇయ్యాలని ఈమధ్యే కోర్టులో చెప్పినారు. వీరేష్ సరేనన్నాడు. సరేననడానికి దుడ్లు పడవు కదా! ఒకసారి మూడు వందలు పంపుతాడు, ఒకసారి రెండు వందలు. ఊర్లో మాత్రం "నెలనెలా పంపుతాండా అన్నా, నా బిడ్డ కదా" అని చెప్పుకుంటాడు.

ఆ చిల్లర పోను మూడు నెలలకే పన్నెండు వేల దాకా బాకీ పడినాడు. అప్పుడే అంజలికి అనంతపురం పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఇరవయ్యో తేదీ లోపల హాస్టలుకు కట్టాల్సింది పన్నెండు వేలు. కట్టకపోతే సీటు ఉండీ లేనట్టే. వనజాక్షి గల్లాపెట్టె దులిపినా మూడు వేలు రాలలేదు.

ఆ వారమే అంగడికి మాట్లాడే పెట్టె వచ్చింది. ఫోనులో ఎవరు దుడ్లు ఏసినా అది గట్టిగా అరుస్తుంది. ఒకరోజు పొద్దున బెంచీల నిండా జనం ఉండంగా "రెండు వందల రూపాయలు అందాయి" అనింది.

రిటైరైన కండక్టరు బసప్ప ఉగ్గాని నములుతా తలెత్తినాడు. "రెండు నూర్ల బజ్జీలు తిన్న మొనగాడు ఎవురమ్మా?"

వనజాక్షి ఫోను చూసింది. కడుపు మండింది. మండిన కడుపులోంచే ఒక కొంటె ఆలోచన లేచింది. జల్లిగరిటె మైకు మాదిరి పట్టుకొని, మొగుని రాగం ఎత్తుకుంది.

"ఓబులేసు గారి కుమారుడు, మైకుసెట్టు వీరేష్ గారు, తమ కుమార్తె అంజలికీ..." ఆగి, అచ్చం వాని మాదిరే దగ్గింది. "రెండు వందల రూపాయలు చదివించినారూ!"

జనం పడిపడి నవ్వినారు. బసప్పకైతే పొలమారింది. ఆ దగ్గు మధ్యాహ్నం బస్సెక్కి వీరేష్ ఊరికి చేరింది. ఆ ఆదివారం పెండ్లిలో వీరేష్ ఎవరి చదివింపుకో దగ్గబోతే పందిట్లోంచి ఒకడు అరిచినాడు. "నీ రెండు నూర్లు చదువన్నా ముందు!"

రాత్రికి ఫోను. "ఏమే, నా పరువు తీస్తాండావా?"

"నేనేం తీసినా? అంకె పెట్టె చెప్పింది, పేరు నేను చదివినా. నువ్వు చదవవా ఊరోళ్ళవి?"

"చూస్కో, రేపు పంపుతా. గొంతు చించుకొని చదువుకో!"

మరుసటి రోజు అంజలి ప్లేట్లు కడిగి తెస్తాంది. పెట్టె పలికింది. "ఒక్క రూపాయి అందింది."

బసప్ప వీడియో తీసేకి ఫోను ఎత్తి పట్టుకొని "చదువమ్మా" అన్నాడు. అంత నోరుగల్ల వనజాక్షి జల్లిగరిటె పట్టుకొని అట్లే నిలబడిపోయింది. తన ఆట బిడ్డకు తగిలిందని అప్పుడు తెలిసింది. బిడ్డ మొగం చూడలేక నూనె వైపు చూసింది.

అంజలి ప్లేట్లు కింద పెట్టింది. చేతులు లంగాకు తుడుచుకుంది.

"ఓబులేసు గారి కుమారుడు వీరేష్ గారు, తమ కుమార్తె అంజలికి, ఒక్క రూపాయి చదివించినారు."

దగ్గలేదు. రాగం మాత్రం నాయనదే, గొంతూ నాయనదే. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. బసప్ప ఫోనులో అదంతా పడింది. అతను దాన్ని ఎవరికి పంపినాడో ఏమో, సాయంత్రానికి వీరేష్ తల్లి రామసుబ్బమ్మ చేతికి చేరింది. ముసలామె మూడుసార్లు వినింది. "నీ గొంతేరా అది. నువ్వు పుట్టించిన గొంతు రూపాయికి అడుక్కుంటాంది" అనింది. తెల్లారే కొడుకును ముందర నడిపించుకొని పోయి, పెద్ద స్పీకర్లు రెండూ కుదువ పెట్టించింది.

పందొమ్మిదో తేదీ పెట్టె పలికింది. "పన్నెండు వేల నూట పదహారు రూపాయలు అందాయి."

బసప్ప లేచి నిలబడినాడు. "చూడమ్మా, మర్యాదగా నూట పదహార్లు కలిపినాడు! ఇప్పుడు చదవాల్సిందే!"

"దేనికి చదివేది? కట్టాల్సింది కట్టినాడు, అంతే. బాకీ తీర్చినోనికి మైకెందుకు?" అనింది వనజాక్షి. అంటాంటేనే కండ్లు నిండినాయి. పొగ పొగ అని పొయ్యిని తిట్టింది.

అంజలి అమ్మ ఫోను తీసుకొని ఏదో నొక్కింది. దుడ్లు బయటికి పోయేటప్పుడు ఆ పెట్టె నోరెత్తదు. వనజాక్షి తొంగి చూసింది. వీరేష్‌కు నూట పదిహేడు రూపాయలు.

"ఎందుకే అది?"

"చదివింపులు ఎవరివి వాళ్ళకు తిరిగి పెట్టాల గదమ్మా. ఆ పొద్దు ఒక్క రూపాయి, ఈ పొద్దు నూట పదహారు. మిగతా పన్నెండు వేలు చదివింపు కాదు, నా చదువు."

అనంతపురం బస్సు హారను కొట్టింది. "పోపో, సీటు దొరకదు" అని వనజాక్షి బిడ్డను తిట్టి, నాలుగు బజ్జీలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.