అమావాస్యనాటి చైనా బూరెలు

అమావాస్యనాడు ఊరు దాటకూడదని చిన్నప్పట్నుంచీ నాకు నూరిపోసింది మా సింహాచలం అత్తే. ఆ అత్తే ఆ అమావాస్యనాడు తెల్లవారకముందే ఉతికిన చీర కట్టుకుని, ఖాళీ టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని నా మంచం పక్కన నిలబడింది.

"ఒలే గుంటా, లెగు. పడవెల్లిపోతాది."

అత్త మా నాన్నకి అక్క. మామయ్య పోయినప్పట్నుంచి బర్మాలోని ట్వంటే ఊళ్ళో మా ఇంట్లోనే ఉంటోంది. మాది కిరాణా కొట్టు. ఇంట్లో నీచు ముట్టరు. అది ఎనభై ఎనిమిది వానాకాలం. ఆగస్టులో యాంగోన్ వీధుల్లో తుపాకులు పేలాయి, చాలామంది పోయారు. ఆ తర్వాత సైనికులు వెనక్కి వెళ్ళారు. దేశమంతా సమ్మెలోకి దిగింది. నేను పాఠాలు చెప్పే బడి కూడా మూతపడింది. నేను పుట్టకముందు నుంచీ బయటి ప్రపంచానికి గడియ వేసుకున్న దేశంలో, ఆ కొద్ది వారాలు జనం ఎవరి గడియ వాళ్ళే తీసేసుకున్నట్టు తిరిగారు.

ఈ ప్రయాణానికి కారణం పంది కొవ్వు. అత్త చిన్నప్పుడు యాంగోన్ చైనా వీధిలో, ఒక పాత బేకరీకి ఎదురుగా మేడ మీద ఉండేది. బేకరీ పొయ్యి వెలిగిన ప్రతి పొద్దునా కమ్మటి వాసన వాళ్ళ కిటికీలోంచి వచ్చేది. ఆ పొరల బిళ్ళల్ని అత్త చైనా బూరెలు అంటుంది. వాటిల్లో పంది కొవ్వు పోస్తారు కాబట్టి వాసన చూడ్డమే తప్ప తినే యోగం లేదు. ఈ మధ్య మా కొట్టుకి బెల్లం కోసం వచ్చిన ఒక చైనా ఆవిడ మాటల్లో చెప్పింది: అమావాస్యకీ పున్నమికీ వాళ్ళకి శాకాహార నియమం, ఆ రెండు రోజులూ ఆ బేకరీలో వేరుశనగ నూనెతోనే చేస్తారని. పున్నమికి అత్తకి ఉపవాసం. మిగిలింది అమావాస్య.

నాన్న వీధి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"అమాస పూట, అదీ రంగం పెయాణవేటప్పా? అక్కడ తుపాకులున్నాయి."

యాంగోన్‌ని మావాళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటారు. అత్త ఆయన్ని పక్కకి జరిపింది. "ఇప్పుడు తలుపులు తెరుసుకున్నాయి. మల్లీ ఎప్పుడు మూసేత్తారో నీకు తెలుసేటి? నాకు అరవయ్యొకటి. ఇంకా ఎన్నాల్లు వాసన సూడమంతావు?"

నాన్న లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చి ఇచ్చాడు.

సర్కారు లాంచీ సమ్మెలో ఉంది. రేవులో కుండల పడవ ఒకటి ఆరు గంటలకి బయల్దేరుతోంది. ట్వంటే కుండలు యాంగోన్ దాకా కాలవ మీదే వెళ్తాయి. పడవవాడు డబ్బులొద్దన్నాడు. ఒక్క కుండ పగిలినా ఊరుకోనన్నాడు. నీళ్ళ కుండల మధ్య గడ్డి పరిచి అత్తని కూర్చోబెడితే తల ఒక్కటే పైకి కనిపించింది. దాన్ని చూసి నాకు నవ్వాగలేదు. ఎదురుగా కూర్చున్న ఓడరేవు గుమాస్తా కూడా నవ్వాడు. మనవాడే, అప్పారావు. ఆఫీసులో బర్మా పేరు కో అవున్. అతని ఒళ్ళో నాలుగు రకాల పత్రికలున్నాయి. అన్నీ ఆ నెలలో పుట్టినవే.

"ఎప్పుడూ ఒకే పేపరు, అందులో ఒకే బొమ్మ సూసేవాల్లం. ఇప్పుడు సదవడానికి రోజు సాల్డం లేదండి" అని ఒకటి అందుకుని బర్మా భాషలో గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. పడవలో అందరూ మధ్యమధ్య అడ్డుతగిలి అభిప్రాయాలు చెప్పారు. అత్త కూడా కుండల్లోంచే రెండు చెప్పింది. దారిలో పులిహోర పొట్లం విప్పి అందరికీ తలో పిడికెడు పెట్టింది.

తొమ్మిది దాటాక చైనా వీధి వైపు రేవులో దిగాం. ఎక్కడ చూసినా జనమే. చౌక్తడా పేట వైపు నుంచి కోర్టు గుమాస్తాల ఊరేగింపు వస్తోంది, ముందు ఎర్ర జెండా. అత్త ఆగి వాళ్ళకి చెయ్యి ఊపింది. వాళ్ళు కూడా ఊపారు. ఆ తర్వాత ఆవిడ నడక చూడాలి, నేను వెనకబడ్డాను.

బేకరీ ఉన్న వీధి మొదట్లో వెదురు గేటు కట్టి ఉంది. ఆ రోజుల్లో పోలీసుల్లేక ఏ వీధిని ఆ వీధివాళ్ళే కాపలా కాసుకునేవారు. మంచినీళ్ళ కుండల్లో విషం కలుపుతున్నారని పుకార్లుండేవి, కొత్తవాళ్ళంటే అనుమానం. గేటు దగ్గర ఒక నడివయసు బౌద్ధ భిక్షువు, మెళ్ళో ఈల. పక్కన చెవులదాకా మీసాలున్న మనిషి, చేతిలో చెక్కిన వెదురుకర్ర. అతను టిఫిన్ క్యారియర్ వైపు చూపించాడు.

"అందులో ఏముంది?"

"ఏమీ లేదు" అంది అత్త బర్మా భాషలో.

"ఏమీ లేని క్యారియర్ ఎందుకు మోస్తున్నావు?"

అప్పటికే చుట్టూ పదిమంది మూగారు. అనుమానం మీద మనుషుల్ని ఏం చేశారో మేమూ విన్నాం. అత్త మాత్రం మూత తీసి, గిన్నెలు ఒక్కొక్కటీ బోర్లించి చూపించి, గొంతెత్తి చెప్పింది: "ఎదురింట్లో పుట్టి, పంది కొవ్వని ముట్టుకోకుండా పెరిగి, ఇవాళ నూనెతో చేశారని విని, కుండల్లో కూర్చుని ట్వంటే నుంచి వచ్చాను. తినేదాకా వెళ్ళను. పొడుస్తారా, పొడవండి."

ముందు భిక్షువు నవ్వాడు. తర్వాత మీసాలాయన. ఆ తర్వాత వీధి వీధంతా. భిక్షువు ఈల వేస్తూ ముందు నడిచి మమ్మల్ని బేకరీ గుమ్మందాకా దిగబెట్టాడు.

బేకరీ యజమాని ఊ ఛాన్‌కి డెబ్భై ఉంటాయి. బనీనూ లుంగీ, చేతులకి మోచేతుల దాకా పిండి. అది వాళ్ళ నాన్న పెట్టిన కొట్టు. నల్లబడ్డ చెక్క అచ్చులు గోడకి వేలాడుతున్నాయి. లోపల బొగ్గుల పొయ్యి మీంచి ఆ వాసన. అత్త గుమ్మంలోనే కళ్ళు మూసుకుంది.

ఊ ఛాన్ తల అడ్డంగా ఊపాడు. "అమ్మడానికి లేవమ్మా. మైదా దొరకడం లేదు. చేసింది ఒక్క పళ్ళెం, అది క్వాన్‌యిన్ అమ్మవారి గుడికి."

అత్త ముఖం చూళ్ళేకపోయాను. ఆవిడ గట్టిగా ఊపిరి తీసుకుని, ఎదురుగా ఉన్న మేడ కిటికీ వైపు వేలు చూపించింది. "నేను ఆ ఇంటి పిల్లని. ఇక్కడి పేరు డా మ్యా. వాసన చూసి వెళ్తాలెండి."

ఊ ఛాన్ చేతిలోని పిండి ఒత్తే కర్ర బల్లమీద పెట్టేశాడు. "ఆ కిటికీయా? మా పొయ్యి వెలిగిస్తే ధడాలున మూసుకునేదే, ఆ కిటికీయా?"

"అదే."

"మూసేముందు ఒకావిడ రోజూ ఒక మాట అరిచేది. మా నాన్న అది శాపం అనుకుని విడిగా అగరుబత్తీలు వెలిగించేవాడు. నాకింకా గుర్తుంది." డెబ్భై ఏళ్ళ చైనా పెద్దమనిషి నడుం మీద చెయ్యి పెట్టుకుని, అచ్చ తెలుగులో, తన యాసలో అరిచాడు: "ఓలమ్మో కంపు! ముయ్యే, ముయ్యే!" తర్వాత మర్యాదగా అడిగాడు. "దానికి అర్థం ఏమిటి?"

అత్త తడుముకోలేదు. "ఎంత మంచి వాసన అని."

ఆయన నా వైపు చూశాడు. నేను పెదవి కొరుక్కుని ఎంత బిగబట్టినా ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆయనకి అర్థమైపోయింది. పిండి బస్తా మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ ముఖమంతా తెల్లగా చేసుకున్నాడు. అత్త గోడకి ఆనుకుని నవ్వుతోంది. "అరిసింది మా అమ్మండి," అని తెలుగులో అనేసి, నాలిక్కరుచుకుని మళ్ళీ బర్మాలో చెప్పింది. "అమ్మ మూసేది. ఆవిడ అటు తిరగ్గానే నేను వేలెడు తెరిచేదాన్ని."

ఊ ఛాన్ నవ్వు తగ్గించుకుని లేచాడు. "గుడికి ఇచ్చేది ఇవ్వాల్సిందే. నైవేద్యం అయ్యాక అందరికీ పంచుతారు. పళ్ళెం మోసేవాళ్ళు కూడా తినొచ్చు. చేతులు కడుక్కో."

నూనెతో చేసినవని తెలియడానికి ప్రతి బిళ్ళ మీదా ఎర్రరంగు చుక్క పెట్టాలిట. పుల్ల చివర రంగులో ముంచి అత్త చేతికిచ్చాడు. "ఒలే, బొట్టు పెడతన్నానే, పేరంటాల్లకి" అని అత్త ఒక్కొక్కదాన్నీ పలకరించి మరీ పెట్టింది. ఈలోగా నేను పొరలెలా వస్తాయో చూశాను. నీళ్ళతో కలిపిన పిండిలో నూనెతో కలిపిన పిండి ముద్దని దాచి, ఒత్తి, చుట్టి, మళ్ళీ ఒత్తుతాడాయన. చూస్తే ఎంత తేలికో. నేను ఒత్తితే చాప చిరిగినట్టు చిరిగింది.

గుడి నది ఒడ్డు రోడ్డు మీద ఉంది, నడిచే దూరమే. ఊ ఛాన్ ముందు నడుస్తుంటే పళ్ళెం చెరో వైపూ పట్టుకుని ఊరేగింపుల మధ్యలోంచి తీసుకెళ్ళాం. పూజ ముగిసి పదకొండున్నరకి అత్త చేతిలో ఒక బిళ్ళ పడింది. ఇంకా వేడిగా ఉంది. ఆవిడ కొరికింది. పొరలు రాలి చీర మీద పడ్డాయి. నమిలింది. ఆగింది.

"ఒలే గుంటా! ఇది పూర్ణవే! పెసరపప్పు, పంచదార! మనం పండక్కి సేసుకునే పూర్ణవే!"

అరవై ఏళ్ళు ఎదురుచూసి తిన్నది తన చేతి వంటే అని ఆవిడకి నవ్వు. ఆ సంగతి ఊ ఛాన్‌కి చెప్పబోయి, నవ్వు ఆపుకోలేక, గుడి మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుంది. రెండోది తింటూ మాత్రం ఒప్పుకుంది: "ఈ పొరలు మనకి రావు. ఈ పొరల కోసం ఎన్నేల్లైనా ఎదురుసూడొచ్చు." క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టుకోమని ఊ ఛాన్ మరో ఆరు ఇప్పించాడు.

మీలో ఎవరైనా వెళ్ళదలిస్తే అమావాస్యనాడే వెళ్ళండి. పొద్దున్నే చేరండి, చుక్క ఉన్నవే అడగండి. మేం మళ్ళీ వెళ్ళలేకపోయాం. వారం తిరిగేసరికి సైన్యం మళ్ళీ దిగింది, రేడియోలో సైనిక సంగీతం, కర్ఫ్యూ. కాలవ మీద పడవలు ఆగాయి. మా బడి మళ్ళీ తెరిచారు, పాఠాలు చెప్పాను, అటూ ఇటూ చూసి మాట్లాడాను.

ఆ సాయంత్రం మాకు ఇవేవీ తెలియవు. మూడు గంటలకి అదే పడవ ఎక్కాం. కుండలు అమ్ముడైపోవడంతో పడవ తేలికై బెండులా ఊగింది. ఆరు బిళ్ళల్నీ ముక్కలుగా తుంపి అత్త పడవంతా పంచింది. నాన్నకని దాచమన్నాను. "ఆడి గొడుగు ఆడికి తిరిగిస్తన్నాంలే" అంది. కిటికీ కథ చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నారు. మూడోసారికి పడవ పడవంతా తెలుగొచ్చినా రాకపోయినా "ఓలమ్మో కంపు" అని అరిచింది, ఎదురొచ్చిన ధాన్యం పడవవాళ్ళు ఏమిటా అని లేచి నిలబడి చూశారు.

పెద్దవాళ్ళు అంతమంది కలిసి అంత గట్టిగా మాట్లాడుకోవడం నేను అంతకుముందు వినలేదు. మా కాలంలో పుట్టినవాళ్ళకి ఇంట్లో మొదట నేర్పేది గొంతు తగ్గించడం. చీకటి పడే వేళకి ట్వంటే రేవు దీపం కనిపించింది. రేవులో ఎవరుంటారో, ఎవరు వింటారో. అలవాటు చొప్పున నేను మాట ఆపి అత్త వైపు చూశాను. అత్త ఆపలేదు. ఎవరూ ఆపలేదు. అలాగే, అదే గోలతో, ఒడ్డుకి వచ్చాం.