దీపాలవేళ మూసిన తలుపు

ఆ రోజుల్లో ఇంటి నుంచి ఉద్యోగమంటే ఇంట్లో కూర్చుని చేసేదని అందరూ అనుకునేవారు. నాకు మాత్రం ఇల్లు నందిగామలో, ఉద్యోగం జగ్గయ్యపేటలో! మా ఇంట్లో నెట్ సరిగా వచ్చేది కాదు గనక పొద్దున్నే బస్సెక్కి, పెదనాన్న మిరపకాయల కొట్లో బస్తాల వెనక ల్యాప్‌టాప్ తెరిచేవాణ్ణి. (మీటింగుల్లో నా తుమ్ములు విని హైదరాబాదులోని మేనేజరు నాకేదో పాత జబ్బుందనుకున్నాడు.) ఉద్యోగమింకా ఖాయం కాలేదు, ఆ శుక్రవారంతో తేలిపోతుంది.

అలాంటి వారంలో మేనేజరు ఓ చిన్న పని అప్పగించాడు. క్లౌడ్‌లో ఉన్న మా సర్వర్‌లోకి ఎవరు ఏ దారిన రావొచ్చో చెప్పే ఫైర్‌వాల్ నియమాలుంటాయి, వాటిని వరసగా చూపించే షెల్ స్క్రిప్ట్ అనే ప్రోగ్రాం రాయాలి. రాశాను, నడిచింది. ఆ సంబరంలో అది చూపించిన నియమాల్ని పెదనాన్నకి చదివి వినిపించాను.

"ఈ తలుపు దాకా ప్రపంచంలో ఎవరైనా రావొచ్చు పెదనాన్నా. తాళంచెవి ఉంటే లోపలికీ పోవచ్చు."

"గల్లాపెట్టె దాకా అందర్నీ రానిస్తారంట్రా ఎక్కడైనా? ముయ్యి ముందు!"

చూపించమన్నవాడు ముయ్యమనలేదన్న సంగతి నాకు తట్టలేదు. ఆ నియమం తీసేసి ఎంటర్ నొక్కాను. తెర బిగుసుకుపోయింది. నేను లోపలికెళ్ళిందీ ఆ తలుపులోంచేనని అప్పుడు గుర్తొచ్చింది. కొట్లో సంజెదీపం వెలిగించడానికి వచ్చిన పెద్దమ్మ నా మొహం చూసి కంగారుపడింది.

"తలుపు మూసేశా పెద్దమ్మా. ఇప్పుడు నేనే లోపలికి పోలేకపోతున్నా."

"దీపాలు పెట్టేవేళ వీధి తలుపు మూస్తారంట్రా? లక్ష్మీదేవి ఎట్టా వస్తుంది?"

సలహా ఇచ్చిన పెదనాన్న ఏమీ ఎరగనట్టు కాటా తుడుచుకుంటున్నాడు. మేనేజరుకి ఫోన్ చేసి, తలుపు మూసేసిన సంగతి చెప్పాను.

"తలుపేసేటప్పుడు నువ్వెక్కడున్నావయ్యా?"

"లోపలేనండి. అదే నన్ను బయటికి తోసేసిందండి."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఈలోగా పెద్దమ్మ ఫోన్ దగ్గరకొచ్చి, "తలుపు తీశారా లేదా బాబూ? సంజెవేళ దాటిపోతోంది!" అని అరిచింది.

మేనేజరు పగలబడి నవ్వాడు. "తీస్తున్నానండి, మా ఇంట్లోనూ ఇదే గొడవ," అని తన క్లౌడ్ ఖాతాలోంచి తలుపు తెరిచాడు. "స్క్రిప్ట్ బాగుంది. చూపించడంతో ఆగు," అని నాకు చివాట్లు పెట్టాడు. శుక్రవారం ఉద్యోగం ఖాయమైంది. ఆ ఘనత తనదేనని పెద్దమ్మ పేటంతా చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలకి, మూసే పనులేవైనా పొద్దునపూటే చేసుకోండని చెబుతాను. సెక్యూరిటీ పాలసీ కాబోలనుకుంటారు పాపం. పెద్దమ్మ పాలసీ అని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. ఏసీ గదిలో దీపాలవేళకి ఒక్కోసారి కారణం లేకుండా తుమ్మాలనిపిస్తుంది. తుమ్ము మాత్రం రాదు.