వెనక గోడ అవతలి మట్టి

మా మేనత్తని దొంగ అన్నారు. ఊరికి నీళ్లు పంపే మోటార్ల స్టేషన్లో గేటు కాపలా ఆమెది. ఒకరోజు తెల్లవారేసరికి మోటార్లకి కరెంటు తెచ్చే రాగి కేబుల్ ఎవరో కోసుకుపోయారు. ఊళ్లో కుళాయిలు ఎండిపోయాయి. గేటు తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి అత్త దగ్గరుంది. ఇంకేం, తీర్పు అయిపోయింది. పెద్దలకి ఇంత తొందరగా తీర్పులు తోచేది మాలాంటి వాళ్ల మీదే.

గేటు దగ్గర అత్త సాక్షాత్తూ యముడు. "నీ మొహం తెలుసు గానీ నీ సంచీ మొహం తెలీదు నాయనా, విప్పు" అని ఇంజనీరునే ఆపేది. గేటు ముందు చెత్త కనబడితే వీరంగమే.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. అత్త నన్ను తోడు రమ్మంది. ఆయన గోడ బయటి వైపు నడిచాడు. వెనకవైపుకి రాగానే అందరం ఆగిపోయాం. నీటి తొట్ల అడుగు నుంచి తోడిన బురదని ఏళ్ల తరబడి అక్కడే పోశారు. అది ఎండి దిబ్బయింది. లోపల్నుంచి రెండు నిలువుల గోడ, బయట దిబ్బెక్కి నిలబడితే నా నడుము దాకానే ఉంది. పైన గాజుపెంకుల మీద గోనెసంచి మడత, తాడు ఒరుసుకున్న గీత.

"ఇక్కడ పొయ్యమన్నదెవరు?" అన్నాడు అధికారి.

బురద మోసేవాళ్లూ అక్కడే ఉన్నారు; తప్పు తమ మీద పడుతుందని తలలు దించుకున్నారు. దొంగలు గోడ దూకే వచ్చారని తెలిసి అత్త మీది నింద అప్పటికే తొలగిపోయింది. మాట్లాడొద్దని నేను ఆమె చెయ్యి నొక్కాను.

"చెయ్యొదులు అల్లుడూ" అంది. "నేనేనయ్యా. గేటు ముందు కుప్పలు పోస్తున్నారని తిట్టి ఇటు తోలాను. లోపల్నుంచి చూస్తే గోడ గోడలాగే ఉంది మరి."

దొంగన్న పేరు పోయింది, దాంతోపాటే గేటూ పోయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని ఎండలో గోడ బయట తిరిగే పని. ఇన్నేళ్లలో ఒక్కసారీ అటు తొంగిచూడని పెద్దల కుర్చీలు మాత్రం కదల్లేదు.

పోయినవారం వెళ్లాను. దిబ్బని తవ్వి ట్రాక్టర్లకి ఎత్తుతున్నారు.

"ఆరోజు నోరు మూసుకునుంటే గేటు దగ్గర కుర్చీ నీకే ఉండేది కదత్తా."

"ఉండేది. ఈ మోసేవాళ్ల పొయ్యిల్లో పిల్లులు పడుకునేవి. అదే కుర్చీలో నాకు కునుకు పట్టేదా?" చుట్టూ చూసి నన్ను కర్రతో పక్కకి జరిపింది. "సరే నడువు. కబుర్లలో పెట్టి ఈ ఉద్యోగం నువ్వు ఊడగొట్టేలా ఉన్నావు."